అల్లామా అల్‌బిరూనీ (రహ్మ): గింజ గింజకూ లెక్క చెప్పిన మహనీయుడు

కొన్ని నెలల క్రితం బంజారాహిల్స్‌లో ఒకరింటికి వెళ్ళాము. ఆ ఇంటి చిన్నబ్బాయి దివ్య ఖుర్ఆన్ పారాయణం మొదటిసారి పూర్తి చేసిన సందర్భం అది. దుఆ అయింది. దస్తర్‌ఖాన్ పరిచేలోగా, తొమ్మిదో తరగతి చదువుతున్న పెద్దబ్బాయి తన లెక్కల నోటుబుక్కు తెచ్చి మా ముందు పెట్టాడు. పేజీ మధ్యలో పెద్ద అక్షరాలతో ఒకే ఒక సంఖ్య రాసుకున్నాడు: 1,84,46,74,40,73,70,95,51,615. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గడులూ రెట్టింపు చేస్తూ పోతే మొత్తం అన్ని గింజలవుతాయట. మౌలానా, ఇది నిజమేనా అని అడిగాడు.

మేము జవాబు చెప్పేలోపే అబ్బాయి తండ్రిగారు ఆ పేజీని తనవైపు తిప్పుకున్నారు. అంకెలన్నీ కూడమన్నారు. అబ్బాయి కూడాడు. 87 వచ్చింది. 8, 7 కలిపితే 15. 1, 5 కలిపితే 6. ఆరు ఎవరికి కలిసొస్తుందో అక్కడున్నవాళ్ళలో ఒకరు వెంటనే చెప్పేశారు. మాట అక్కడి నుంచి ఆ ఇంటి కొత్త కారు నంబరు మీదికి వెళ్ళింది. అంకెల మొత్తం ఇంత రావాలని ఎవరో సలహా చెప్పారట. ఆ నంబరు కోసం రవాణా శాఖ వేలంలో కట్టిన సొమ్ము విని మాకు నోట మాట రాలేదు. ఆ కొండ మీద ఇది వింతేమీ కాదు. ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ పక్కనే ఉన్నాయి కదా, పేరులో ఒక అక్షరం కలపడం, సినిమా పేరుకు ఒక అక్షరం తీసేయడం అక్కడ రోజూ వినే సంగతే. బాధ కలిగించిందేమంటే, ఇది కలిమా చదివే ఇంట్లో, ఖుర్ఆన్ పారాయణం పూర్తయిన పూట వినవలసి రావడం.

అగోచర జ్ఞానం అల్లాహ్‌కు తప్ప మరెవరికీ లేదన్న మాట ఆ ఇంట్లో ఎవరికీ తెలియనిది కాదు. తెలిసినదాన్నే మళ్ళీ చెప్పి లేచి రావడం మాకు నచ్చలేదు. అబ్బాయి అడిగిన సంఖ్యను వెయ్యేళ్ళ క్రితం లెక్కగట్టిన ఒక ముస్లిం పండితుని జీవితం రాసి పంపుతామని మాటిచ్చాము. ఆ మాటే ఈ వ్యాసం.

ఆయన పేరు అబూ రైహాన్ ముహమ్మద్ ఇబ్నె అహ్మద్ అల్‌బిరూనీ. హిజ్రీ 362, జుల్‌హిజ్జ మాసంలో, అంటే క్రీ.శ. 973 సెప్టెంబరులో, ఖ్వారజమ్ ప్రాంతపు రాజధాని కాస్ నగర శివారులో జన్మించారు. ఆ చోటు నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. పారసీ భాషలో బిరూన్ అంటే బయట. నగరం బయట పుట్టినవారు గనుక బిరూనీ అయ్యారు. ఆ ప్రాంతపు పాలక వంశీయుడైన అబూ నస్ర్ మన్సూర్ అనే గణిత పండితుడు ఆయనను చేరదీసి చదువు చెప్పారు. పదిహేడేళ్ళ వయసులోనే సూర్యుని ఎత్తు కొలిచి, కాస్ నగరం ఏ అక్షాంశం మీద ఉందో బిరూనీ లెక్కగట్టారు. మన ఇళ్ళలో ఆ వయసు పిల్లలకు ఎప్‌సెట్ ర్యాంకు తప్ప మరో ధ్యాస ఉండదు. వాళ్ళదీ తప్పు కాదులెండి.

995లో ఖ్వారజమ్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. గురువుగారి వంశం చేతిలోంచి రాజ్యం పోయింది. బిరూనీ ప్రాణాలు దక్కించుకుని ఊరు విడిచారు. రయ్ నగరంలో గడిపిన రోజుల గురించి ఆయనే తర్వాత రాసుకున్నారు. ఒక శాస్త్ర విషయంలో అక్కడి జ్యోతిష్కుడొకడు ఆయన మాటను ఎగతాళి చేశాడట. కారణం లెక్క తప్పడం కాదు, బిరూనీ ఒంటి మీద పేదరికం. కొంతకాలానికి ఆయన పరిస్థితి కాస్త మెరుగుపడగానే ఆ మనిషే స్నేహితుడై వచ్చాడట.

997 మే 24న చంద్రగ్రహణం వచ్చింది. బిరూనీ కాస్‌లో, అబుల్ వఫా అనే మరో పండితుడు బగ్దాద్‌లో, ముందుగా అనుకున్న ప్రకారం దాన్ని చూశారు. గ్రహణం అందరికీ ఒకే క్షణంలో కనిపిస్తుంది. కానీ ఏ ఊరి గడియ ఆ ఊరిది. రెండు ఊళ్ళ గడియలకూ వచ్చిన తేడా దాదాపు ఒక గంట. ఆ గంటను బట్టి ఆ రెండు నగరాలూ భూగోళం మీద తూర్పు పడమరలుగా ఎంత దూరంలో ఉన్నాయో తేల్చారు. ఫోనూ తంతీ లేని కాలంలో, వందల మైళ్ళ దూరంలో ఉన్న ఇద్దరు మనుషులు ఒక రాత్రి ఆకాశాన్ని చూసి చేసిన పని ఇది. గ్రహణం పట్టినప్పుడు గర్భిణి స్త్రీలను గదిలో పెట్టి తలుపులు మూసే ఆచారం మన ముస్లిం ఇళ్ళలోకి ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మనకు నేర్పింది గ్రహణ సమయంలో నమాజు చేయమని.

ఆ తర్వాత బిరూనీ కాస్పియన్ సముద్ర తీరపు గుర్గాన్ పాలకుడు ఖాబూస్ ఆశ్రయం పొందారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో అక్కడ తన మొదటి పెద్ద గ్రంథం రచించి ఆ పాలకునికి అంకితమిచ్చారు. దాని పేరు అల్ ఆసారుల్ బాఖియా. ముస్లిములు, యూదులు, క్రైస్తవులు, పారసీకులు, ఇంకా ఎన్నో జాతులవారు నెలలనూ సంవత్సరాలనూ ఎలా లెక్కిస్తారో, ఏ పండుగ ఎందుకు జరుపుకుంటారో చెప్పే గ్రంథమది. చదరంగం గింజల లెక్క వచ్చేది ఇందులోనే.

చదరంగం ఆట గురించి ఫిఖ్‌హ్ పండితులు ఏమన్నారో పాఠకులకు తెలిసే ఉంటుంది. ఇక్కడ మనకు ఆటతో పని లేదు, పలకతోనే పని. కథ క్లుప్తంగా ఇది. హిందుస్తాన్‌లో సిస్సా అనేవాడు చదరంగం కనిపెట్టి రాజుకు చూపించాడు. రాజు సంతోషించి ఏం కావాలో కోరుకోమన్నాడు. గడిగడికీ రెట్టింపు చేస్తూ గింజలు ఇప్పించమన్నాడు సిస్సా. ఇంత అల్పమైన కోరికా అని రాజు నొచ్చుకున్నాడు. లెక్కలవాళ్ళు కూర్చుని లెక్కగడితే రాజ్యంలోని ధాన్యమంతా పోసినా చాలదని తేలింది.

కథ నిజమో కాదో అల్లాహ్‌కే తెలుసు. లెక్క మాత్రం నిజం. 63 సార్లు రెట్టింపు చేస్తూ కూర్చోకుండా బిరూనీ రెండు చిన్న సూత్రాలు చెప్పారు. మొదటిది, ఏ గడి వరకైనా ఉన్న గింజలన్నీ కలిపితే, తర్వాతి గడిలో ఉండే గింజలకన్నా సరిగ్గా ఒకటి తక్కువ వస్తుంది. 1, 2, 4 కలిపితే 7. తర్వాతి గడిలో 8. రెండోది, ఒక గడిలోని సంఖ్యను అదే సంఖ్యతో గుణిస్తే, మొదటి గడి నుంచి అది ఎంత దూరంలో ఉందో మళ్ళీ అంత దూరం ముందున్న గడి సంఖ్య వస్తుంది.

ఇప్పుడు చూడండి. ఐదో గడిలో 16 గింజలు. 16ను 16తో గుణిస్తే 256, అది తొమ్మిదో గడి. 256ను 256తో గుణిస్తే 65,536, అది పదిహేడో గడి. దాన్ని దానితోనే గుణిస్తే 4,29,49,67,296, అది ముప్పై మూడో గడి. ఇంకొక్కసారి గుణిస్తే అరవై ఐదో గడి. పలక మీద అరవై ఐదో గడి లేదు. లేకపోయినా మనకు కావలసింది అదే. దానిలోంచి ఒకటి తీసేస్తే అరవై నాలుగు గడుల మొత్తం వచ్చేస్తుంది. నాలుగు గుణకారాలు, ఒక తీసివేత, అంతే. ఈ పద్ధతి చూపించాక ఆ అబ్బాయి కాగితం తీసుకుని స్వయంగా చేశాడు. మూడో గుణకారం దగ్గర ఒకసారి తప్పాడు, మళ్ళీ చేశాడు.

తప్పు ఎలా తెలిసింది? ఇక్కడే ఆ ఇంటి పెద్దలు కూడిన 87కు సమాధానం ఉంది. అరబ్బు గణకులు గుణకారం సరిచూసుకోవడానికి ఒక పద్ధతి వాడేవారు. దాన్ని మీజాన్, అంటే తరాజు అనేవారు. సంఖ్యలోని అంకెలను ఒక్క అంకె మిగిలేదాకా కూడుతూ పోవాలి. ముప్పై మూడో గడి సంఖ్యలో అంకెలు కూడితే 58, ఆపైన 13, ఆపైన 4. నాలుగును నాలుగుతో గుణిస్తే 16, అంటే 7. కనుక అరవై ఐదో గడి సంఖ్యలో అంకెలు కూడినా చివరికి 7 రావాలి. కూడితే 88, ఆపైన 16, ఆపైన 7. తరాజు తూగింది. తూగకపోతే లెక్క ఎక్కడో తప్పినట్టే. అంకెల మొత్తం చెప్పే సంగతి ఇదొక్కటే: ఆ సంఖ్యను తొమ్మిదితో భాగిస్తే శేషం ఎంత అని. గింజల మొత్తం సంఖ్యను తొమ్మిదితో భాగిస్తే శేషం 6. ఎవరి పెళ్ళి, ఎవరి వ్యాపారం, ఎవరి ఆయుష్షు ఆ ఆరులో లేవు. షావుకారు తప్పులు పట్టుకునే తరాజును తీసుకెళ్ళి తలరాతలు చెప్పే దుకాణంలో పెట్టుకున్నారు, అంతకన్నా ఏమీ లేదు.

మరో చిన్న సంగతి. పాత ఇంగ్లీషు గణిత చరిత్ర పుస్తకాల్లో ఒకచోట ఈ బిరూనీ సంఖ్య చివర 615కు బదులు 619 అని అచ్చుపడింది. దాన్ని చూసి మరికొందరూ అలాగే రాశారు. ఆరుతో ముగిసే సంఖ్యను ఆరుతో ముగిసే సంఖ్యతో గుణిస్తే చివర ఆరే వస్తుంది. అందులోంచి ఒకటి తీస్తే ఐదు వస్తుంది, తొమ్మిది ఎలా వస్తుంది? ఐదో తరగతి పిల్లవాడు పట్టుకోగల తప్పును పెద్దలు పట్టుకోలేదంటే, పుస్తకంలో ఉంది కదా అని నమ్మేశారన్నమాట.

ఈ సంఖ్య ఎంత పెద్దదో చెప్పడం బిరూనీకి కూడా కష్టమనిపించినట్టుంది. అందుకని గింజలకు బదులు దిర్హములు అనుకోమన్నారు. పదివేల దిర్హములు ఒక సంచి. ఎనిమిది సంచులు ఒక కంచర గాడిద మోసే బరువు. పదివేల గాడిదలు ఒక మంద. ఒక్కో లోయలో వెయ్యి మందలు మేస్తున్నాయి. ఒక్కో పర్వతం నుంచి పదివేల లోయలు దిగుతున్నాయి. అలాంటి పర్వతాలు 2,305 కావాలట! భూమి మీద అన్ని లేవు మరి. మన లెక్కలో చెప్పుకుంటే, వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుందాం. పలక మీది గింజలన్నీ కలిపి దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఈ రోజుల్లో ఏటా పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కాస్త పైన. అంటే ఏడు వందల ఏళ్ళ పంట.

వడ్డీని దివ్య ఖుర్ఆన్ రెట్టింపు మీద రెట్టింపు అని ఎందుకు వర్ణించిందో ఈ పలక ముందు కూర్చుంటే బాగా అర్థమవుతుంది. మొదటి ఎనిమిది గడులలో పిడికెడు గింజలు కూడా ఉండవు. అప్పు చేసినవాడికి కనిపించేవి ఆ ఎనిమిది గడులే.

బిరూనీ తర్వాత రెండు వందల ఏళ్ళకు పైగా గడిచాక ఇబ్నె ఖల్లికాన్ (మరణం హిజ్రీ 681) ఇదే సంఖ్య గురించి తన వఫయాతుల్ ఆయాన్‌లో రాశారు. మదరసాలో ఆ గ్రంథం పేరు విననివారుండరు. అబూ బక్ర్ సూలీ అనే చదరంగ నిపుణుని జీవితం రాస్తూ ఈ కథ ఎత్తుకుని, తాను మొదట నమ్మలేదని నిజాయితీగా ఒప్పుకున్నారు. చివరికి అలెగ్జాండ్రియాకు చెందిన ఒక లెక్కలాయన కాగితం మీద చేసి చూపించారట. పదహారో గడిలో 32,768 గింజలు, అది ఒక చిన్న కొలపాత్ర. అక్కడి నుంచి గింజలు వదిలేసి పాత్రలను, ఆపైన బస్తాలను, ఆపైన గాదెలను రెట్టింపు చేస్తూ పోతే, యాభయ్యో గడిలో 1,024 గాదెలు. అన్ని గాదెలున్నదాన్ని ఒక నగరం అనుకుంటే, అరవై నాలుగో గడిలో 16,384 నగరాలు. నమ్మకపోవడం తప్పు కాదు, చూపించాక కూడా నమ్మకపోవడమే తప్పు.

ఇక మన తెలుగువారి సంగతి. గణితసార సంగ్రహం అని మహావీరాచార్యుడనే జైన పండితుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో ఒక గ్రంథం రాశాడు. దాన్ని పదకొండో శతాబ్దివాడిగా చెప్పే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో గణితం మీద వచ్చిన తొలి గ్రంథం అదే. చదరంగం గడుల రెట్టింపు మొత్తాన్ని మల్లన ఒక పద్యంలో చెప్పాడు. ఆ పద్యంలో అంకె ఒక్కటీ కనిపించదు. బాణాలంటే 5, చంద్రుడంటే 1, ఆకాశమంటే 0, కొండలంటే 7, సముద్రాలంటే 4. ఇలాంటి మాటలు ఇరవై వరుసగా పేర్చి, కుడి నుంచి ఎడమకు అంకెలు వేసుకుంటూ పొమ్మన్నాడు. వేసుకుంటూ పోతే అక్షరాలా బిరూనీ చెప్పిన సంఖ్యే వస్తుంది, చివరి ఐదుతో సహా. ఒకరు కాస్పియన్ తీరంలో అరబీలో, ఒకరు గోదావరి సీమలో తెలుగులో. ఇద్దరూ ఒకరినొకరు చూసింది లేదు. సంఖ్య ఎవరి మతమూ అడగదు, ఎవరికీ ఒకలా మరొకరికి మరోలా రాదు.

ఇంతకన్నా ఆశ్చర్యమేమంటే, మాటలతో అంకెలు చెప్పే ఈ భారతీయ పద్ధతిని బిరూనీ తర్వాతి రోజుల్లో తెలుసుకున్నారు. ఏ మాటకు ఏ అంకె అన్నది తన కితాబుల్ హింద్‌లో పట్టికగా రాసిపెట్టారు. ఆ పట్టిక చేత పట్టుకుని మల్లన పద్యం చదువుకోవచ్చు.

కితాబుల్ హింద్ దాకా ఆయన ఎలా చేరారో చెప్పాలి. ఖ్వారజమ్‌కు తిరిగి వచ్చి కొన్నేళ్ళు రాజాస్థానంలో ఉన్నారు. 1017లో సుల్తాన్ మహమూద్ గజ్నవీ ఖ్వారజమ్‌ను జయించి, అక్కడి పండితులను తనతో గజ్నీకి తీసుకుపోయాడు. వారిలో బిరూనీ ఉన్నారు, వృద్ధుడైన గురువు అబూ నస్ర్ కూడా ఉన్నారు. అతిథులుగా కాదు, బందీలుగానే అనాలి. మరుసటి ఏడు కాబూల్ దగ్గర ఒక పల్లెలో సూర్యుని ఎత్తు కొలవవలసి వస్తే చేతిలో ఒక్క పరికరమూ లేదు. లెక్కలు చేసుకునే పలక వెనక్కి తిప్పి, దాని మీద వృత్త భాగం గీసి, దారానికి బరువు కట్టి కొలిచారు. పరికరం లేదని పని ఆపలేదు.

ఇక్కడ ఒక కట్టుకథ గురించి మాట్లాడక తప్పదు. ఉర్దూ పుస్తకాల్లో, ప్రసంగాల్లో దీన్ని చాలామంది వినే ఉంటారు. నాలుగు ద్వారాలున్న భవనంలో కూర్చుని, నేను ఏ ద్వారం గుండా బయటికి వెళతానో చెప్పమని సుల్తాన్ బిరూనీని అడిగాడట. బిరూనీ కాగితం మీద రాసి పరుపు కింద పెట్టారట. సుల్తాన్ గోడ పగలగొట్టించి ఐదో ద్వారం గుండా వెళ్ళి, కాగితం తీసి చూస్తే అందులో అదే రాసి ఉందట. ఇది చహార్ మఖాలా అనే పారసీ గ్రంథంలోది. బిరూనీ పోయిన వందేళ్ళ తర్వాత రాసినది. మేము దీన్ని నమ్మము. ఎందుకంటే బిరూనీ సొంత రాతలు దీనికి వ్యతిరేకంగా ఉన్నాయి. 1029లో రైహానా అనే ఖ్వారజమ్ వనిత కోసం ఆయన ప్రశ్నలూ జవాబుల రూపంలో కితాబుత్తఫ్‌హీమ్ రాశారు. (వెయ్యేళ్ళ క్రితం ఒక స్త్రీ కోసం రాసిన గణిత, ఖగోళ పాఠ్యగ్రంథం! ఆడపిల్లకు లెక్కలెందుకు అనేవారు గమనించాలి.) రేఖాగణితంతో మొదలుపెట్టి, అంకగణితం, ఖగోళం చెప్పి, చివరికి జ్యోతిషం దగ్గరికి వచ్చారు. జనం దీన్ని గట్టి శాస్త్రంగా నమ్ముతారని చెబుతూనే, తనకు మాత్రం దీని మీద నమ్మకం అందరికన్నా తక్కువని అక్కడే స్పష్టం చేశారు. రాజులు ఖగోళ పండితులకు జీతం ఇచ్చేది జ్యోతిషం చెబుతారనే. ఆ జీతం తింటూ కూడా ఆయన ఈ మాట దాచలేదు.

అబ్జద్ లెక్క గురించి కూడా అడుగుతారు. అరబీ అక్షరాలకు విలువలున్న మాట నిజమే. బిరూనీ, ఆయన తోటి ఖగోళ పండితులు తమ పట్టికలలో కోణాలనూ గడియలనూ ఆ అక్షరాలతోనే రాసేవారు. వారికి అది రాత పద్ధతి. మనం 786ను కారు నంబరుగా కొని రక్షణ దొరికిందనుకుంటున్నాము. ఈ మాట కొందరికి నొప్పి కలిగించవచ్చు. బిస్మిల్లాహ్ నోటితో అనడానికి వేలంపాట అవసరం లేదు.

గజ్నీ రోజుల్లోనే ఆయన భూమిని కొలిచారు. నేటి పాకిస్తాన్ పంజాబులో నందనా కోట ఉంది. పక్కనే ఎత్తయిన కొండ, కింద చదునైన మైదానం. ముందు కొండ ఎత్తు కొలిచారు, 652 మూరలు వచ్చింది. తర్వాత కొండెక్కి, ఆకాశమూ నేలా కలిసే గీత కంటి మట్టానికి ఎంత కిందికి దిగి కనిపిస్తోందో చూశారు. ఒక డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో 34 భాగాలు. ఈ రెండు అంకెలతో భూమి వ్యాసార్ధం లెక్కగట్టారు. ఎడారుల్లో మనుషులను మైళ్ళకొద్దీ నడిపించి కొలిచే పాత పద్ధతి స్థానంలో ఒక మనిషి, ఒక కొండ సరిపోయాయి. వచ్చిన ఫలితం ఇప్పటి కొలతకు చాలా దగ్గర. బంజారాహిల్స్ గుట్టల మీద నుంచి ఇది చేయలేము, చుట్టూ మేడలే కదా.

ఇదంతా ఎందుకు? 1025లో ముగించిన తహ్‌దీద్ అనే గ్రంథంలో ఆయన చెప్పిన ప్రయోజనాలలో ఒకటి ఖిబ్లా. గజ్నీలో నమాజు చేసేవాడు ఎటు తిరగాలి? అందుకు గజ్నీ ఎక్కడుందో, మక్కా ఎక్కడుందో, మధ్యలో భూగోళపు వంపు ఎంతో తెలియాలి. మన హైదరాబాదు నుంచి కూడా ఖిబ్లా సరిగ్గా పడమర కాదు, దాదాపు 13 డిగ్రీలు ఉత్తరానికి ఒరిగి ఉంటుంది. మసీదు కట్టేటప్పుడు ఈ లెక్క ఎవరో ఒకరు చేయవలసిందే. చేసినవాడికి పుణ్యమే దక్కుతుందని మా ఆశ.

హిందుస్తాన్ గురించి తెలుసుకోవడానికి ఆయన నలభై ఏళ్ళు దాటిన వయసులో సంస్కృతం నేర్చారు. పండితుల దగ్గర కూర్చుని వారి గ్రంథాలు చదివించుకున్నారు. 1030లో ముగిసిన కితాబుల్ హింద్‌లో వారి విశ్వాసాలను ఖండించడానికి కాదు, వారు చెప్పినట్టుగానే చెప్పడానికి పూనుకున్నారు. మహమూద్ దాడుల వల్ల ఆ దేశపు సంపద నాశనమైందనీ, అక్కడి విద్యలు దూర ప్రాంతాలకు తరలిపోయాయనీ కూడా రాశారు. ఆ సుల్తాన్ రాజ్యంలోనే ఉంటూ రాసిన మాటలివి.

సుల్తాన్ మస్‌ఊద్ కాలంలో ఖగోళ శాస్త్రం మీద అల్ ఖానూనుల్ మస్‌ఊదీ రాశారు. అందుకు బహుమానంగా సుల్తాన్ ఒక ఏనుగు మోసేంత వెండి పంపితే, తనకు అవసరం లేదని తిప్పి పంపారని యాఖూత్ హమవీ రాశారు. ఈ ఖానూన్ మూడు సంపుటాలుగా అచ్చయింది ఎక్కడో కాదు, మన హైదరాబాదులోనే. 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ దాన్ని 1954 నుంచి 1956 వరకు ప్రచురించింది. 1958లో కితాబుల్ హింద్ అరబీ మూలాన్ని కూడా ప్రచురించింది. లోకంలో ఎక్కడ బిరూనీ మీద పరిశోధన జరిగినా హైదరాబాదు ప్రతి అని పేర్కొంటారు. బంజారాహిల్స్ నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోని ఆ సంస్థకు కారులో వెళ్ళి రావచ్చు, నంబరు ఏదైనా పరవాలేదు.

హిజ్రీ 427లో తన రచనల జాబితా తానే వేసుకున్నారు. అప్పటికే 113 ఉన్నాయి. ఆ తర్వాత కూడా రాస్తూనే ఉన్నారు. ఏడాదిలో రెండు రోజులు తప్ప ఆయన చేతిలోంచి కలం జారలేదని పాత చరిత్రకారులు రాశారు. ఆఖరి గ్రంథం ఔషధాల గురించిన కితాబుస్సైదనా. అప్పటికి చూపు మందగించింది, వినికిడి తగ్గింది. మరణం హిజ్రీ 440లో అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. అయితే ఆ ఆఖరి గ్రంథంలో తన వయసు ఎనభై దాటిందని ఆయనే రాశారు. 362కు 80 కలపండి. 442 వస్తుంది. ఆయన మరణ సంవత్సరాన్ని కూడా ఆయన పద్ధతిలోనే సరిచూసుకోవలసి వస్తోంది!

ఆయన చివరి ఘడియలను చూసిన ఒక ఫఖీహ్, అబుల్ హసన్ వల్వాలిజీ, చెప్పిన సంగతిని యాఖూత్ నమోదు చేశారు. ఆయన పరామర్శకు వెళ్ళేసరికి బిరూనీకి ఊపిరి అందడం లేదు, గొంతులో గురక మొదలైంది. ఆ స్థితిలో కళ్ళు తెరిచి, తల్లి వైపు నాయనమ్మల వారసత్వ వాటా లెక్క గురించి నువ్వు మునుపు ఒకసారి చెప్పావు కదా, అదెలాగని అడిగారు. మన ఫరాయిజ్ పాఠాలలో విద్యార్థులను తికమక పెట్టే మస్‌అలాలలో అదొకటి. ఫఖీహ్‌కు జాలి వేసింది. ఈ స్థితిలోనా అన్నారు. ఆ మస్‌అలా తెలుసుకుని ఈ లోకం విడవడం, తెలియకుండా విడవడం కన్నా మేలు కాదా అన్నది బిరూనీ జవాబు. ఫఖీహ్ కూర్చుని మొత్తం మళ్ళీ వివరించారు. బిరూనీ దాన్ని తిరిగి ఒప్పజెప్పి, కంఠస్థం చేసుకున్నారు. తనకు చెబుతానన్న విషయం తాను కూడా ఫఖీహ్‌కు బోధించారు. ఫఖీహ్ సెలవు తీసుకుని బయటికి వచ్చారు. ఇంకా వీధిలో నడుస్తుండగానే ఆ ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయి.